మాస్కు తీసే చెయ్యి

ఆసుపత్రిలో నిద్ర పరీక్షల గది. బల్లకి ఇటు బస్సు డ్రైవరు, ఆయన భార్య. అటు మాస్కులు అమర్చే అమ్మాయి. మధ్యలో గాలి మిషను.

“కాదమ్మా, నేను తీయడం లేదు. ఒట్టు.”

“మరి ఎవరు తీస్తున్నారన్నా? మిషను లోపల లెక్క రాసుకుంటుంది, రోజూ పెట్టుకున్న కాసేపటికే ఆగిపోతోంది. ఇక తెల్లారేదాకా గాలి లేదు.”

“చెబితే నవ్వుతావు.”

“ఈ గదిలో నేను వినని మాట లేదు. చెప్పండి.”

“మా అమ్మ.”

“ఏవండీ, ఊరుకోండి.”

“నువ్వుండవే. కిందటేడు మా అమ్మ ఆసుపత్రిలోనే పోయిందమ్మా. మొహానికి ఇట్లాంటిదే మాస్కు. తీసెయ్యరా, తీసెయ్యరా అని చేత్తో సైగ చేస్తూనే ఉంది. నేను తీయనివ్వలేదు. ఇప్పుడొచ్చి నాది తీస్తోంది. సగం నిద్రలో తెలుస్తుంది నాకు. చల్లటి చెయ్యి, వణుకుతూ ఉంటుంది. మా అమ్మ చేతులు వణికేవి.”

“కలేమో అన్నా.”

“రోజూ అదే కలా? నాకు భయంగా ఉందమ్మా. ఈ మాస్కు కాక వేరే దారి లేదా?”

“ఉన్నాయి. జబ్బు తేలికైతే పక్కకి తిరిగి పడుకోమంటాం, బరువు తగ్గమంటాం. కొందరికి కింది దవడని ముందుకి పట్టి ఉంచేలా పళ్లకి పలక బిగిస్తారు. కొందరికి ఆపరేషన్. మీది తేలిక కాదని డాక్టరుగారు చెప్పారుగా. నిద్ర పట్టగానే గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది. ప్రాణం ఉలిక్కిపడి లేపుతోంది. మళ్లీ మూసుకుంటోంది. రాత్రంతా అదే కుస్తీ. ఈ గాలి ఆ గొంతుని తెరిచి పట్టి ఉంచుతుంది, అంతే.”

“అందుకే పగలు స్టీరింగ్ మీద తూగారు చెల్లీ. మలుపులో బస్సు డివైడర్ ఎక్కింది. ఎవరికీ ఏం కాలేదు, అదృష్టం.”

“అది మళ్లీ ఎందుకే ఇప్పుడు? తల్లీ, రాత్రంతా మాస్కు పెట్టుకుంటున్నాడని డిపోకి ఒక్క మాట చెప్పు. బండి ఇస్తారు.”

“అబద్ధం చెప్పి మీ వెనక బస్సు నిండా జనాన్ని ఎలా కూర్చోబెట్టనన్నా? బండి మాట అటుంచండి, ఇలాగే వదిలేస్తే మీ గుండెకే ముప్పు. సరే, ఒకటి చెప్పండి. పొద్దున లేచేసరికి మాస్కు ఎక్కడుంటోంది?”

“పక్కన స్టూలు మీద.”

“గొట్టం?”

“చుట్టచుట్టి దాని పక్కనే.”

“మిషను?”

“స్విచ్ ఆపేసి ఉంటుంది. మా అమ్మ అంతేనమ్మా, ఏ వస్తువైనా పొందిగ్గా సర్దేది.”

“నిద్రలో పీకేసుకునేవాళ్లని చాలామందిని చూశానన్నా. లాగి మంచం కింద పడేస్తారు. మిషను బుస్సుమంటూనే ఉంటుంది. చుట్టచుట్టి పెట్టినవాళ్లని ఒక్కళ్లని చూడలేదు. పోయినవాళ్లకి కరెంటు స్విచ్చితో పనేముంటుంది?”

“అంటే?”

“ఏవండీ, పోదాం పదండి. ఇంకోరోజు వద్దాం.”

“ఉండవే. అంటే ఏంటమ్మా?”

“అక్కా, మీరే చెబుతారా?”

“నేనేం చెప్పను చెల్లీ? నాకేం తెలుసు?”

“మీ చేతులు వణుకుతున్నాయక్కా.”

“చలి. ఈ గదిలో చలి.”

“ఇటు చూడవే. ఇటు చూడు.”

“నేనే.”

“నువ్వా? నా గురక పడలేక పెళ్లయిన కొత్తలో వంటింట్లో పడుకున్నదానివి. నన్నిక్కడికి లాక్కొచ్చిందే నువ్వు.”

“నేనేనండీ తీస్తున్నది.”

“అయితే మా అమ్మ రావడం లేదా?”

“లేదు.”

“చంపేద్దామనుకున్నావా నన్ను?”

“ఆ మాట అనకండి. అది పెట్టుకుంటే మీ చప్పుడు ఉండదు. పక్కలో లేచి కూర్చుని చెవి పెట్టి వింటాను. ఏమీ వినబడదు. భయంతో నా ఒళ్లు చల్లబడిపోతుంది. తీసేస్తే గురక మొదలవుతుంది. అప్పుడు పడుకుంటాను.”

“అక్కా, ఆ గురక మధ్యలో ఆగిపోవడమే ప్రమాదం. మాస్కు ఉండి చప్పుడు లేదంటే ఊపిరి బాగా ఆడుతున్నట్టు. నమ్మకం లేకపోతే ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూడండి. లేస్తూ దిగుతూ ఉంటుంది.”

“తెలుసు చెల్లీ. పగలు నాకు అంతా తెలుసు.”

“రాత్రి ఏమవుతుందే మరి? నీకూ మా అమ్మ కనిపిస్తుందా?”

“మీ అమ్మ కాదు. మా నాన్న.”

“ఆయన నీ చిన్నప్పుడే పోయాడుగా. నిద్రలో హాయిగా పోయాడని మీ వాళ్లు చెప్పారు.”

“అలాగే చెప్పుకుంటాం. మా నాన్న గురకకి పక్కింటివాళ్లు గోడ కొట్టేవాళ్లండీ. మేం చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాళ్లం. ఒక రాత్రి ఆ గురక ఉన్నట్టుండి ఆగింది. మా అమ్మ లైటు ఆర్పేసి, ‘పాపం, ఇన్నాళ్లకి మంచి నిద్ర పట్టింది, ఎవరూ కదిలించకండి’ అంది.”

“అయ్యో. నువ్వెప్పుడూ చెప్పలేదే.”

“ఏం చెప్పమంటారు? ఆ రాత్రి మా ఇంట్లో అందరం కంటినిండా నిద్రపోయాం.”