తవిటమ్మ అడిగిన కిటికీ

తవిటమ్మని ఉంది. సూరప్పడి పెళ్ళాం. దానికి ముట్లుడిగే వయసొచ్చింది. ఏమైందంటే, ఉన్నట్టుండి గుండెల్లోంచి ఆవిర్లు లేచి, మొహం కందిపోయి, చీరంతా సెమటతో తడిసిపోయేదంట. నవ్వకండే పిల్లలూ, మీకూ వస్తాది ఆ రోజు. ఇంక పొయ్యికాడ కూకుంటే సెప్పక్కర్లేదు. ఆ వంటింటికి కిటికీ లేదు. గోడకో కిటికీ కొట్టించయ్యా, గాలాడక సచ్చిపోతన్నానంటే, సూరప్పడు "అటేపు మా అన్న పెరడు. మాటల్లేని ఇంటేపు కిటికీ పెడితే నా పరువేం కాను" అన్నాడంట. గోడకున్న పరువు పెళ్ళానికి లేదనుకో.

మరావిడేం చేస్తాది? కూర పొయ్యి మీదొదిలేసి, తడిగుడ్డ మెడకేసుకుని, వీధరుగు మీద కూకుని కొంగుతో ఇసురుకునేది. ఏటని అడిగితే కసిరేది. నిద్ర లేదు, కసరదా మరి. అత్త చూసి, కోడలికి దెయ్యం పట్టింద్రా అంది. మంత్రగాణ్ణి పిలిచారు. ముగ్గేసి అందులో దీన్ని కూకోబెట్టాడు, ఏపమండ పట్టుకున్నాడు, నిప్పుల్లో మిరపకాయలేశాడు. ఒళ్ళు మండేదానికి మిరపకాయల పొగ, సూడండి. "ఎవరే నువ్వు? నీకేం కావాలి?" అని గద్దించాడంట. దెయ్యం అడిగిందిచ్చి పంపాలి కదా, అదీ ఆనవాయితీ. కోడి అడుగుతాదని అత్త కోడిని కట్టే ఉంచింది.

తవిటమ్మ చెంబుడు నీళ్ళు ఆ నిప్పుల మీద పోసేసింది. "దెయ్యమూ లేదు, బూతమూ లేదు. నేను తవిటమ్మని. ఇన్నేళ్ళ కాపురంలో నీకేం కావాలని నన్నడిగినోడివి నువ్వే నాయనా, ఇను. ఆ గోడకి కిటికీ కావాలి. మజ్జిగన్నం కావాలి, మీ కారప్పులుసు మీరే తినండి. రాత్రి నా మంచం వాకిట్లో ఏస్తాను, లోపలికి రమ్మని ఎవరూ అనకూడదు. ఇవ్వకపోతే ఈ ముగ్గులోంచి లేవను, వంటెవరు చేసుకుంటారో చేసుకోండి" అంది. సూరప్పడేమో, దెయ్యం కాదంట కదా, ఇంకివ్వడమేటి అన్నాడు. మంత్రగాడు తల గోక్కుని, "దెయ్యమైతే సీసాలో కట్టేద్దును బాబూ. ఈవిణ్ణి నేను కట్టలేను. కిటికీ కొట్టించు" అన్నాడంట.

కొట్టించాడు. కిటికీ తలుపు తీసేసరికి అటేపు పెరట్లో తోటికోడలు, కొంగుతో ఇసురుకుంటా నిలబడుంది. ఆవిడ వయసూ అదే కదా. అన్నదమ్ములకి ఈరోజుకీ మాటల్లేవు. వీళ్ళిద్దరూ మాత్రం ఆ కిటికీలోంచి మజ్జిగ ముంత ఇచ్చిపుచ్చుకుంటారు. ఆవిర్లు పోయాయా అంటే, ఎక్కడ పోతాయి, వస్తన్నాయి, తగ్గుతన్నాయి. గాలుంది, నిద్రుంది, ఓర్చుకుంటంది. మగోల్లూ, ఇంట్లో ఆడదాని ఒళ్ళు మండతా ఉంటే మంత్రగాడి దాకా ఎల్లకండి, ఏం కావాలో మీరే అడగండి. సూరప్పడు అడగలేదు. కట్టేసిన కోడిని మంత్రగాడు ఊరికే ఒదిలెల్తాడా, సంకనెట్టుకుపోయాడు.