మతి ఉండగా చెప్పిన మాట

గౌరవనీయులైన అధ్యక్షులకు, నాకు నల్లకోటు విలువ నేర్పిన పెద్దలకు, ఎదుటి పక్షాన నిలబడి నన్ను ఎన్నోసార్లు ఓడించిన మిత్రులకు నమస్కారం.

ఇందాక అధ్యక్షులవారు నేను కుటుంబాలను కలిపానని పొగిడారు. శాలువా భుజాల మీద ఉండగా కాదనడం మర్యాద కాదు గానీ, నేను కుటుంబాలను విడగొడతానని చాటున అన్నవాళ్లు కూడా ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు) నవ్వకండి. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పకుండా ఈ మైకు వదలను.

కోర్టు వెనక సందులో ఒక టైలరమ్మ ఉండేది. మీలో సగంమంది కోట్లు ఆవిడ కుట్టినవే. జ్ఞాపకశక్తి మెల్లమెల్లగా పోయే జబ్బు మొదలైందని డాక్టరు చెప్పగానే నేరుగా నా దగ్గరికి వచ్చింది. షాపు అద్దెకిచ్చి ఆ డబ్బుతో తనకొక నర్సును పెట్టాలి, ల్యాబులో పనిచేసే కోడలు తన కోసం ఉద్యోగం మానకూడదు, తన తర్వాత ఇల్లు కొడుకూ కోడలూ ఇద్దరి పేరా ఉండాలి. ఆవిడ కోరింది ఇంతే. అలాగే రాసి సంతకం చేయించాను.

కొడుక్కి తెలిసింది. ఇంట్లో కోడలుండగా జీతానికి మనిషేమిటి, నలుగురూ మా మొహాన ఉమ్మెయ్యరా అని నా ఆఫీసుకొచ్చి గొడవ చేశాడు. శుభమా అని బతికున్న మనిషి చేత చావు మాటలు రాయిస్తారా అన్నాడు. అత్తను ఎత్తి కూర్చోబెట్టాల్సింది, పక్కబట్టలు మార్చాల్సింది భార్య. పరువు మాత్రం తనది. తల్లికి మతి చలించిందని కోర్టుకెక్కాడు. ఆ కేసు పట్టిన పెద్దమనిషి ఇప్పుడు నా ఎడమపక్కనే కూర్చున్నారు. (నవ్వులు) ఆయన ఆవిడను బోనెక్కించి ఇవాళ ఏ వారమని అడిగారు. చెప్పలేకపోయింది. కోర్టు హాలంతా ముసిముసి నవ్వులు. ఆవిడ జడ్జిగారి వైపు తిరిగింది.

“మతి పోతుందనే ఇప్పుడు వచ్చానయ్యా. పోయాక వస్తే నా మాట ఎవరు వింటారు?”

కేసు కొట్టేశారు. నర్సు వచ్చింది, కోడలు ఉద్యోగం చేసుకుంది. సాయంత్రం ఇల్లు చేరగానే అత్త పక్కన కూర్చుని తల దువ్వేది. ఒకసారి నేనుండగానే, ఎవరమ్మా నువ్వని ఆవిడ అడిగింది. “మీ మనిషినే అత్తయ్యా” అంది ఆ అమ్మాయి, ఏమాత్రం విసుగు లేకుండా. ఒళ్లు హూనమయ్యే చాకిరీ నెత్తిన లేదు కనకనే ఆ నెమ్మది. ఆఖరిదాకా అలాగే గడిచింది. తల్లి పోయాక కొడుకు మాత్రం, లాయరమ్మ మా ఇల్లు చీల్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే, ఆ భార్యతోనే ఉంటున్నాడు. (నవ్వులు)

నా కోపం అతనొక్కడి మీద కాదు. ఆస్తి తగాదాల మీద బతికే మనం, మన ఇళ్లలో ఈ మాటెత్తితే అశుభమంటాం. స్పృహ లేని తండ్రి వేలిముద్ర కోసం ఆసుపత్రికి ఇంకుప్యాడు పట్టుకెళ్లేటప్పుడు ఆ శుభాశుభాలు ఏ గంగలో కలుస్తాయి?

నా కాగితాలు నేను రాసుకున్నాను. చెప్పబోతే మా అబ్బాయి, ఇప్పుడెందుకమ్మా ఆ మాటలని లేచి వెళ్లిపోయాడు. ఈ సభలో మధ్యలో లేచిపోలేడు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. నాయనా, నేను మంచాన పడితే నన్ను కడిగే పని నీ భార్యకు అప్పజెప్పకు. చేతనైతే నువ్వు చెయ్యి. చేతకాకపోతే మనిషిని పెట్టు. అందులో నాకు అవమానమేమీ లేదు.

కోపం వచ్చినా కుర్చీల్లోంచి లేవని మీ అందరి మర్యాదకు కృతజ్ఞతలు. సెలవు.