లారీ తలుపుకి అంటుకున్న వేలు

వెనక గదిలో బల్ల మీద అరచేతంత బొమ్మలారీ ఉంది. ఒకప్పుడు నిజం లారీ నడిపిన తండ్రి, ప్రమాదం తర్వాత చేతులు వణుకుతుండటంతో, దాన్ని కూతురి వేళ్లతోనే కడుతున్నాడు.

"తలుపు నొక్కిపట్టు తల్లీ. జిగురు ఆరేదాకా వదలకు."

"ఆరింది నాన్నా. నా వేలితో సహా."

"అయ్యో! లాగకు, లాగకు!"

"తోలు ఊడొస్తుందా?"

"రంగు ఊడొస్తుందే!"

"బాగుంది! కూతురి వేలు పోయినా పర్వాలేదన్నమాట."

"ఆ నీలం కలపడానికి ఎన్ని తంటాలు పడ్డాం? అచ్చం నా బండి రంగు."

"సరేలే. ఆ సబ్బునీళ్ల గిన్నె ఇటివ్వు. వేలు నానబెడితే వచ్చేస్తుంది."

"రంగు ఇంకా పచ్చిగా ఉంది. నీళ్లు తగిలితే కారిపోతుంది."

"కారితే మళ్లీ వేసుకో."

"ఎవరు, నేనా? ఈ చేతులతోనా?"

పొద్దుటి నుంచి గొంతులోనే తిరుగుతున్న మాటని ఆమె ఇక బయటపెట్టేసింది.

"నాన్నా, నాకు కాలేజీ హాస్టల్లో సీటు వచ్చింది. సోమవారం వెళ్లాలి."

తండ్రి ఒక బుల్లి చక్రం తీసుకుని, దాని మీద లేని దుమ్ము ఊదాడు.

"దీని తర్వాత ట్యాంకర్ మొదలెడదాం. దానికి చక్రాలు బోలెడు."

"నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. కాసేపు కదలకుండా కూర్చో. దానంతటదే వదులుతుంది."

"వదలకపోతే?"

ఆయన, నీళ్లు తొణికి చేతుల మీద పడుతున్నా, గిన్నెని మెల్లగా ఆమెకి అందనంత దూరం జరిపాడు.