పదకొండు వందల నలభై రెండో నంబరు

1879 ఫిబ్రవరి. ఆత్మకూరు బడి అరుగు మీద పెద్ద అయ్యవారు జనార్దనయ్య చేతిలో పరీక్ష ఫలితాల గెజెట్టు పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా, ఉదయగిరి నుంచి రెండెడ్ల బండిలో వచ్చిన బట్టల కొట్టు వెంకటసుబ్బమ్మ. ఆమె కొడుకు రామనారాయణ డిసెంబరులో నెల్లూరు పోయి మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి వచ్చాడు.

“చెప్తాను, చెప్తాను. ముందు కాస్త మజ్జిగ పుచ్చుకోండి, వెంకటసుబ్బమ్మగారూ.”

“మజ్జిగ రెండు తూర్లు తాగినా అయ్యవారూ. మా వోడి సంగతి చెప్పండి.”

“చాలా పెద్ద జాబితా అమ్మా. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం పిల్లలు. నిదానంగా చూడాలి.”

“నేనొచ్చి గడియ సేపయింది. అప్పట్నించి మీరు ఆ ఒక్క కాగితమే చూస్తుండారు.”

“అచ్చు సన్నం.”

“వాడి నంబరెంత?”

“పదకొండు వందల నలభై రెండు. దారిలో ఎండగా ఉందా?”

“ఎండ సంగతి ఎందుకులెండి. పాసైతే మద్రాసు కాలేజీకి పోతానన్నది వాడే. ఫెయిలైతే వచ్చి కొట్లో కూర్చుంటానన్నదీ వాడే. నా చేతిలో చెయ్యేసి చెప్పినాడు.”

“మీకు ఏది కావాలి?”

“నన్నడుగుతారేంది? కాగితం మీ చేతిలో ఉండాది.”

“మాటవరసకు.”

“మాటవరసకే చెప్తా. మా ఆయన పోయి తొమ్మిదేండ్లు. కరువు రెండేండ్లూ తలుపు మూయకుండా నడిపినా కొట్టు. ఇప్పుడు నాకు మనుషులు చాలడంలా. మీరేమో వాణ్ణి దొరల కొలువుకు తయారు చేస్తుండారు. పోయిన తూరి ఇంటికొచ్చినప్పుడు కొట్లోకి గిరాకీ రాంగానే లేచి నిలబడి ‘గుడ్ మార్నింగు’ అన్నాడు. దుత్తలూరు ముసలామె, తనను తిట్టినాడనుకొని చీర అక్కడే పడేసి పోయింది.”

“అది మర్యాద అమ్మా. కలెక్టరు కచేరీలో పని కావాలంటే అవన్నీ రావాలి. దొర ముందు ఎట్లా నిలబడాలి, అర్జీ ఎట్లా రాయాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ నేర్పాను. తెలివైనవాడు.”

“తెలివైనోడనే కొట్లోకి కావాల్సింది. తెలివితక్కువోళ్ళు ఇద్దరుండారు నాకు.”

“మరి, ఫెయిలైతే ఈ రోజే తీసుకుపోతారా?”

“బండి అందుకే తెచ్చినా.”

“మళ్ళీ పరీక్షకు పంపరా?”

“పంపను.”

“ఆత్మకూరుకు కూడా పంపరా? ఊరికే, ఎవర్నన్నా చూసిపోను?”

“ఎవుర్ని చూడను?”

“నన్నే అనుకోండి.”

“మిమ్మల్ని ఆరేండ్లు చూసినాడు గదా. ఏంది అయ్యవారూ, అట్లా చెమట పడుతుండాది మీకు?”

“ఎండ.”

“నీడలోనే గదా కూర్చున్నారు.”

“నీడలోకి కూడా వస్తోంది ఈ మధ్య. ఇదుగో, చూశాను. లేదమ్మా.”

“లేదా?”

“లేదు. కావాలంటే మీరే చూడండి. ఇది నలభై ఒకటి. ఆ తర్వాత ఇదుగో, నలభై ఐదు. మధ్యలో ఏమీ లేదు.”

“ఇటు తిప్పండి. ఊఁ. సరే.”

“బాధపడకండి.”

“బాధేంది. కొండలయ్యా, ఎద్దుల్ని కట్టు.”

రామనారాయణ ఏటి నుంచి తడిపంచెతో వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పద్దెనిమిదేండ్లవాడు. జనార్దనయ్య గెజెట్టును నాలుగు మడతలు పెట్టి తొడ కిందికి తోసేశారు.

“ఎప్పుడొచ్చినావమ్మా? అయ్యవారూ, గెజెట్టు వచ్చిందంట గదా?”

“వచ్చింది.”

“మరి?”

“మీ అమ్మకు చెప్పాను.”

“నీ నంబరు లేదంట రామా. మూట సర్దుకో.”

“లేదా?”

“లేదంట.”

“అయితే తప్పు నాదేనమ్మా. అయ్యవార్ని ఏమీ అనొద్దు. యూక్లిడ్ రేఖాగణితంలో ఈయన గుర్తు పెట్టిన ఏడు ప్రశ్నల్లో ఐదు వచ్చినాయి. అట్లాంటివి చేతిలో పెట్టినాక కూడా ఫెయిలైనానంటే ఇంకేం చెప్పేది. అయ్యవారూ, మీరు మాత్రం పాసై ఉంటారు గదా?”

“ఊరుకో రామనారాయణా.”

“ఏంది, అయ్యవారు కూడా రాసినారా?”

“నా వెనక బల్లేనమ్మా. పదకొండు వందల నలభై మూడు. ఎవురికీ చెప్పొద్దని నెల్లూరులో నాకు జిలేబీ కొనిచ్చినారు.”

“ఊరుకోమన్నానా?”

“అమ్మ ఎవురికీ చెప్పదులెండి. ఉండాదా మీ నంబరు?”

“లేదు.”

“మీదీ లేదా? మీరు చెప్పిన ప్రశ్నలే గదా వచ్చింది?”

“అవి వస్తాయని నేను నమ్మలేదురా. వాటిని వదిలేసి మిగతా పుస్తకమంతా చదువుకుని పోయాను.”

“పోనీండి. ఇద్దరం పోయినాం, ఇద్దరం మునిగినాం. డిసెంబరుకు మళ్ళీ పోదాం. అమ్మను నేను ఎట్లో ఒప్పిస్తా. పగలు కొట్లో కూర్చుంటా, వారానికి ఒక జాబు రాస్తా. యూక్లిడ్ మీకు నేను చెప్తా, ఇంగ్లీషు నాకు మీరు చెప్పండి. ఏంది అయ్యవారూ, అట్లా చూస్తుండారు?”

“నీకు నామీద కోపం లేదా?”

“మీమీద ఎందుకు? ఆరేండ్లు మీ ఇంటి అరుగు మీదే పడుకొని చదివినా.”

“ఇట్లా వచ్చి కూర్చో.”

“పంచె తడిగా ఉండాది.”

“తడిగా ఉన్నా కూర్చో. నీ నంబరు ఉంది.”

“ఎక్కడ?”

“నా తొడ కింద. రెండో తరగతిలో పాసయ్యావు. తీసుకో, నువ్వే చూసుకో.”

“ఉండాది. అమ్మా, ఉండాది. నలభై రెండు.”

“మరి లేదన్నారేంది అయ్యవారూ?”

“చెప్తాను. చెప్పాక మీరేమన్నా పడతాను. ఇకమీదట పై తరగతికి మెట్రిక్యులేషన్ పాసైనవాడే పాఠం చెప్పాలని బడి కమిటీవారు నిరుడే అన్నారు. అందుకే నేను దొంగతనంగా పోయి రాసింది. నలభై రెండేళ్ళ వయసులో, పిల్లల మధ్య, ఆ చిన్న బల్లలో కాళ్ళు కూడా పట్టలేదు. ఇప్పుడు ఈ ఊళ్ళో పాసైనవాడు వీడొక్కడే. కమిటీవారికి తెలిస్తే నా కుర్చీలో వీణ్ణి కూర్చోబెడతారు. మీరేమో బండి తెచ్చానన్నారు. వీణ్ణి ఎక్కించుకు పోతే ఇంక…”

“నేనెందుకు కూర్చుంటా అయ్యవారూ మీ కుర్చీలో? నేను మద్రాసు పోతా గదా. ఇన్నాళ్ళూ మీరు నన్ను తయారు చేసింది దానికే గదా?”

“నిజమేరా. ఆ సంగతి నాకు తోచనే లేదు.”

“నవ్వొద్దు రామా. అయ్యవారి కాళ్ళకు దండం పెట్టు. పెట్టినావా? పోయి కొండలయ్యను ఎద్దుల్ని విప్పమను. పోతా పోతా ఆ పంచె మార్చుకో.”

వాడు పోయాడు.

“వెంకటసుబ్బమ్మగారూ, తప్పయిందని అనడానికి కూడా నోరు రావడం లేదు. కాగితం మీ ముఖాన పెట్టి మరీ చెప్పాను అబద్ధం.”

“కమిటీలో మా మరిది వీరరాఘవులు ఉండాడు. డిసెంబరు దాకా ఆ కుర్చీ జోలికి ఎవుర్నీ పోనీయొద్దని చెప్తా. మీరు మాత్రం ఈ తూరి, మా వోడికి చెప్పిందే మీరూ చదవండి.”

“నేను మీ బిడ్డకు ఇంత చేస్తే మీరు నాకు ఇది చేస్తారా? మీది ఎంత పెద్ద మనసమ్మా.”

“అంత మాటనొద్దు అయ్యవారూ. మద్రాసు నించి వచ్చే గుడ్డల మూటల మీద ఉండేవి ఇంగ్లీషు నంబర్లే. తొమ్మిదేండ్లుగా వాటిని చూసి దించుకుంటుండేది నేనే. మీరు కాగితం చూపిచ్చినప్పుడు, మీ బొటనవేలి పక్కన మా వోడి నంబరు నాకు బాగానే కనిపించె. చూసినాకనే నేను బండి కట్టమనింది.”