బోర్డు దాటని అడవి

జాతీయ ఉద్యానవనం గేటు ముందు, మనిషెత్తు అక్షరాలతో పేరు రాసిన బోర్డు పక్కన కారు ఆగి ఉంది. భార్యాభర్తలిద్దరూ దాని బయటే నిలబడి ఉన్నారు.

"బోర్డుతో ఫొటో అయిపోయిందిగా, ఎక్కు. చీకటి పడేలోగా ఇంకో పార్కు చూసెయ్యాలి."

"దీన్ని చూశామా?"

"ఫొటోలో పేరు స్పష్టంగా పడిందే! ఇంకేం కావాలి?"

"లోపల జలపాతం ఉందటండీ. హోరు ఇక్కడికే వినిపిస్తోంది."

"వినిపిస్తోందిగా! మళ్ళీ నడవడం దేనికి?"

"మరి గుడారం ఎందుకు కొన్నట్టు? రోజూ హోటల్లోనే పడుకుంటున్నాం."

"ఒకసారి విప్పితే మళ్ళీ ఆ సంచిలో పట్టదే."

"నిన్న చిన్నదాన్ని అడవి బొమ్మ గీయమంటే ఏం గీసిందో తెలుసా?"

"చెట్లు గీసుంటుంది."

"మీ మెడ గీసింది. వెనక సీట్లోంచి దానికి కనిపించిన అడవి అదే."

"పోలిక కుదిరిందా?"

"పుట్టుమచ్చతో సహా."

"సరేలే. మా ఆఫీసరు సెలవులన్నీ ఒక్క పార్కులోనే తగలేశాడట, పిచ్చిమాలోకం. నా ఫొటోలు చూస్తే కుళ్ళుకు చావాలి. పిల్లల్ని పిలువు."

"మామయ్యగారితో జలపాతానికి వెళ్ళారు."

"నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదే!"

"ఆయనే ముందు నడిచారు."

"ఖర్మ! కారులో కూర్చుందాం పద. నీకిచ్చిన తాళం ఏదీ?"

"ఆయన జేబులో ఉంది. బూట్లు ఎలాగూ ఫొటో కోసం వేసుకున్నారుగా, నడిచి వెళ్ళి అడగండి."