అంగిట్లో పుండు

“కోడలు కూట్లో మందు పెట్టిందని ఒక్క మాట చెప్పు డాక్టరమ్మా! ఊరి పెద్దలు ఈ పూటే దాన్ని వెలేస్తారు. నా కొడుకు బయట కాచుకోనుండాడు.”

నెల్లూరు ఆస్పత్రిలో చేపలు పట్టే పల్లెకారుల ముసలమ్మ మంచం మీద కుదురుగా కూర్చోలేకపోతోంది.

“నీ అంగిట్లో పుండు ముక్క తీసి పరీక్ష చేశాం అవ్వా. అది విషం కాదు, క్యాన్సరు. నువ్వు చుట్ట ఎట్టా కాలుస్తావు?”

“మా ఆడోళ్లందరి మాదిరే, నిప్పుండే కొస నోట్లోకి పెట్టి. సముద్రం గాలికి ఆరిపోదా మరి? మాట మార్చబాక!”

“ఆ నిప్పు సెగ ఎక్కడ తగులుతుంది?”

ముసలమ్మ నాలుకతో అంగిలిని తడుముకుంది. పుండు సరిగ్గా అక్కడే ఉంది. గబుక్కున లేచి తలుపు దాకా పోయింది.

“అబ్బయా! పరిగెత్తి పంచాయితీ ఆపించరా! నీ పెండ్లాం ఏ పాపం ఎరగదు. నా నోరు కాల్చింది నా చుట్టేరా!”