‘అయిందా అండీ?’

1988 జూన్ ఆరవ తేదీ సోమవారం ఉదయం, విజయవాడలోని తూర్పు డెల్టా విత్తన సహకార సమాఖ్య ప్రధాన కార్యాలయంలో శివపార్వతి గారు కంప్యూటర్ ఆపరేటర్‌గా బాధ్యతలు స్వీకరించారు. బాధ్యతలైతే స్వీకరించారు గానీ, కంప్యూటర్ మాత్రం అప్పటికింకా రాలేదు. అది వచ్చేదాకా వారిని టపా విభాగంలో కూర్చోబెట్టిన సంస్థ, వచ్చిన తరువాత అద్దాల గదిలో కూర్చోబెట్టి, పదవీ విరమణ చేస్తున్న ఈ నెలాఖరు వరకూ మళ్ళీ లేవనివ్వలేదు.

ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి, చలికి ఓర్చుకోవాలి, యంత్రాల రొద భరించాలి. అంత కష్టపడి వెళ్ళేంత పని ఎవరికీ ఉండేది కాదు. మధ్యాహ్నం హాల్లో అందరూ క్యారేజీలు విప్పి కూరలు పంచుకునేవారు. ఫోన్ లైన్లు కాస్త ఖాళీ అయ్యే వేళ అదే కనుక, శివపార్వతి గారు ఆ సమయంలోనే ఫైళ్ళు పంపేవారు. అద్దంలోంచి వారికి అందరూ కనిపించేవారు, నవ్వులూ కనిపించేవి, మాట ఒక్కటీ వినిపించేది కాదు. యాభై మంది పనిచేసే కార్యాలయంలో వారు ఒంటరి. ఈ మాట అభినందన సంచికలో రాయదగినదేనా అని కొందరు మిత్రులు సందేహించారు. నిజమే కనుక రాస్తున్నాము.

1990లో పర్సనల్ కంప్యూటర్ మీద నడిచే యునిక్స్ అనే వ్యవస్థ మన సంస్థకు వచ్చింది. అటువంటిదే మరొకటి చల్లపల్లి డిపోకు చేరింది. అక్కడి ఆపరేటర్ యేసుకుమార్ గారు. ఏ గ్రామానికి ఏ రకం వరి విత్తనం కేటాయించామో తెలిపే ఫైలు రోజూ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళాలి. యునిక్స్‌తో పాటే వచ్చిన యూయూసీపీ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేసేది. అయితే దాని పద్ధతి పోస్టు డబ్బా పద్ధతి. వేసిన ఫైలు వరుసలో కూర్చుని, లైను దొరికినప్పుడు వెళ్ళేది. చేరిందో లేదో తెలుసుకోవాలంటే శివపార్వతి గారు ఫైళ్ళ లైను కాక పక్కనున్న రెండో ఫోన్ అందుకోవలసిందే.

“అయిందా అండీ?”

“ఆఁ, అయిందండీ, ఫైలొచ్చింది. మీ భోజనం అయిందా?”

“ఇంకా లేదండీ.”

“అయ్యో, ముందు తినండి. ఫైళ్ళెక్కడికి పోతాయి?”

రోజూ ఇదే సంభాషణ. ఇందులో చెప్పుకోవలసిన విశేషమేమీ లేదు. కానీ కార్యాలయంలో ఉన్నంతసేపూ, తిన్నారా అని వారిని అడిగే గొంతు అదొక్కటే.

నారుమళ్ళు పోసే రోజుల్లో ఒకనాడు శివపార్వతి గారు యథాప్రకారం “అయిందా అండీ?” అన్నారు. అప్పుడే చెయ్యి కడుక్కుని వచ్చిన యేసుకుమార్ గారు “ఇప్పుడే అయిందండీ” అన్నారు. వరుసలో ఇంకా కనిపిస్తున్న ఫైలు మిగిలిపోయిన ప్రతి అనుకుని, శివపార్వతి గారు దానిని తుడిచేశారు. మరునాడు చల్లపల్లి డిపో ముందు రైతులు ఎండలో నిలబడి, కేటాయింపు రాలేదన్న కబురు విని, ఖాళీ ట్రాక్టర్లతో తిరిగి వెళ్ళిపోయారు. అప్పటి మేనేజరు వెంకటకృష్ణారావు గారు చల్లపల్లికి ఫోన్ చేసి గట్టిగా నిలదీస్తే, యేసుకుమార్ గారు నీళ్ళు నమిలి, “నేను అయిందన్నది నా భోజనమండీ” అన్నారు. ఆ మాట కార్యాలయమంతా చెప్పుకుని నవ్వింది. శివపార్వతి గారు నవ్వలేదు. వారి కళ్ళ ముందు ఆ ఖాళీ ట్రాక్టర్లే ఉన్నాయి.

తరువాత కొత్త నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఎంపిక బాధ్యతను సంస్థ వారికే అప్పగించింది. ఒక డీలరు చూపించినది బాగానే ఉంది గానీ, అది మన భవనం గోడలు దాటదు. రెండవది టీసీపీ ఐపీ. దానిని యునిక్స్‌కు విడిగా కొనాలి, దానికోసం యునిక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను తిరిగి నిర్మించాలి, చల్లపల్లి దాకా ప్రత్యేక లైను వేయించాలి. కానీ అవతలి యంత్రం అందుకున్నట్లు ఇవతలి యంత్రానికి తానే అప్పటికప్పుడు తెలుపుతుంది. మూడవ దారి, ఉన్న యూయూసీపీతోనే సర్దుకోవడం. వెంకటకృష్ణారావు గారి మొగ్గు దానివైపే.

“ఫైలు అయిందా, అని విడమరిచి అడిగితే సరిపోయేదానికి ఇంత హడావిడి ఎందుకమ్మా? ఫోన్ ఉందిగా!”

సరేనండీ అంటే సరిపోయేది. ఆ మధ్యాహ్నపు ఫోన్ అలాగే ఉండిపోయేది. తాను ఏది ఎంచుకుంటే ఏది పోతుందో ఆ మేనేజరు గదిలో శివపార్వతి గారికి ఒక్కరికే తెలుసు.

“మనుషులం మాటను ఎటైనా తీసుకుంటామండీ. రైతు తిరిగి వెళ్ళకూడదంటే యంత్రాన్ని యంత్రమే అడగాలి. కొత్తదే కొనండి” అన్నారు.

కొన్నారు. తొలిరోజు ఫైలు పంపగానే, చేరినట్లు తెర మీద ఒక వరుస వెలిగింది. అలవాటుగా ఫోన్ ఎత్తిన శివపార్వతి గారు, అడగవలసిన పని లేదని గుర్తొచ్చి, దించేశారు. పని లేకుండా ఒక ఉద్యోగిని మరో ఊరి ఉద్యోగికి ఫోన్ చేస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకునే రోజులవి. ఆనాటి నుంచి వారు తెరకేసి చూస్తూ భోంచేసేవారు. చాలా దిగులుగా ఉండేదని ఈ మధ్యనే చెప్పారు.

అటుపైన రెండువేల సంవత్సరపు తేదీల గండాన్ని దాటించడంలోనూ, హనుమాన్ జంక్షన్ మొదలు అన్ని డిపోలనూ కలపడంలోనూ, పాత యునిక్స్ నుంచి లినక్స్‌కు సంస్థను తరలించడంలోనూ వారు చూపిన దీక్ష సిబ్బందికంతటికీ తెలుసు. సిస్టమ్స్ మేనేజరుగా ఎదిగినా గది మారలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏ రైతూ ఫైలు అందక వెనుదిరగలేదు.

ఈ సంచిక కోసం, పదవీ విరమణ చేసి చల్లపల్లిలోనే స్థిరపడిన యేసుకుమార్ గారికి ఫోన్ చేశాము. వారు చాలాసేపు ఆ సాఫ్ట్‌వేర్‌నే మెచ్చుకున్నారు. చివరకు గొంతు తగ్గించి, “చాన్నాళ్ళు ఫోన్ పక్కనే కూర్చుని తినేవాణ్ణండీ. పనేం లేకుండా చేస్తే బాగోదని చెయ్యలేదు. ఆవిడ ఇప్పుడైనా వేళకి తింటున్నారా?” అని అడిగారు.

ఆ మాట చేరవేస్తే శివపార్వతి గారు నంబరు అడిగి తీసుకున్నారు. మేము బయటకు వచ్చి చెప్పులు తొడుక్కుంటుండగా, అద్దం అవతల వారు ఫోన్ చెవిన పెట్టుకోవడం, పెదవులు కదలడం కనిపించాయి. మాట వినిపించలేదు. ఏమడిగి ఉంటారో మాకు తెలుసు.

శివపార్వతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఇకపై వారి ఫోన్ ఏ పనీ లేకుండానే మోగాలని, ప్రతి మధ్యాహ్నం ఎవరో ఒకరు ‘అయిందా అండీ?’ అని అడగాలని, వారు ‘అయిందండీ’ అంటే అది భోజనం గురించే కావాలని మనసారా కోరుకుంటున్నాము.

సహోద్యోగుల పక్షాన,
కృప, లెక్కల విభాగం